జమ్మికి దసరా ఉంది... గాలిబుడ్డకో?

దసరా వెళ్ళిన మర్నాడు ఏ పత్రిక తిరగేసినా దేవరగట్టు పేరు కనబడుతుంది. ఆదోని నుంచి పడమటికి, కర్ణాటక సరిహద్దు దగ్గర, హొళగుంద మండలంలో ఉన్న రాళ్ళగుట్ట అది. గుట్టమీద మాళమల్లేశ్వరస్వామి గుడి. విజయదశమి నాటి అర్ధరాత్రి స్వామికి కల్యాణం చేస్తారు. అది ముగిశాక ఉత్సవమూర్తులు కొండ దిగుతారు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్ళు ఒకవైపు, మిగతా ఊళ్ళవాళ్ళు ఇంకోవైపు చేరి, దివిటీల వెలుగులో కర్రలు తిప్పుతూ స్వామి మావాడంటే మావాడని తోసుకుంటారు. ఏటా తలలు పగులుతాయి. పగిలిన చోట ఇంత పసుపు అద్దుకుని మళ్ళీ గుంపులోకి పోయే మొనగాళ్ళూ ఉన్నారు. పోలీసులు వచ్చారు, కెమెరాలు వచ్చాయి. అయినా కర్ర ఆగలేదు.

ఆ కర్రల సంగతిలోని మంచీచెడ్డా తేల్చడం నా పని కాదు లెండి. నా కన్ను ఆ ఉత్సవం పేరుమీద పడింది. దాన్ని "బన్ని" అంటారు. కన్నడంలో బన్ని అంటే మన జమ్మి. మా ఆదోని, ఆలూరు ప్రాంతాల్లో తెలుగూ కన్నడమూ ఒకే ఇంట్లో తోడికోడళ్ళలా కాపురం చేస్తాయి కనుక ఆ పేరు అలా నిలిచిపోయింది. ఆ రాత్రి స్వామి పాదాలగట్టు, రక్షపడ దాటుకుని జమ్మి చెట్టు దగ్గరికి వెళతాడు. అన్ని వేలమంది, అన్ని దివిటీలు, అంత రభస... ఆ దారిలో అందరూ ఆగి దండం పెట్టేది ఒక చెట్టుకి!

ఏమంత గొప్ప చెట్టు చెప్పండి జమ్మి? ముళ్ళు. చింతాకు కంటే సన్నని ఆకు. నీడ పల్చన. కాయలు పశువులకు మేత అవుతాయి గాని మన పళ్ళెంలోకి రావు. అయినా మా వైపు పొలం గట్టున జమ్మి మొలిస్తే రైతు దానిమీద గొడ్డలి వెయ్యడానికి జంకుతాడు. పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ ఆయుధాలు దాని మీదే దాచారని చిన్నప్పటి నుంచీ వింటాడు కనుక. దసరానాడు ఆ ఆకునే బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కుతాం. మా అమ్మ ఆ ఆకును ఇనప్పెట్టెలో ఏడాది పొడుగునా దాచేది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ చెట్టునే రాష్ట్ర వృక్షంగా పెట్టుకున్నారు.

ఇదే చెట్టు కోసం ప్రాణాలిచ్చిన ఆడవాళ్ళున్నారంటే నమ్ముతారా? రాజస్థాన్‌లో జమ్మిని ఖేజ్రీ అంటారు. 1730లో జోధ్‌పూర్ మహారాజు కోట పనికి కట్టెలు కావాలని మనుషులు ఖేజర్లీ అనే పల్లెకు గొడ్డళ్ళతో వచ్చారు. బిష్ణోయి కులానికి చెందిన అమృతాదేవి అనే ఇల్లాలు చెట్టును కావలించుకుని నిలబడింది. ఆమెనూ, ఆమె కూతుళ్ళనూ నరికారు. వెనకే ఊరూరి జనమూ వచ్చి చెట్లను పట్టుకున్నారు. మొత్తం 363 మంది పోయారు. కబురు విన్న రాజు పని ఆపించి, బిష్ణోయీల ఊళ్ళలో చెట్టు కొట్టకూడదని ఆజ్ఞ వేశాడు.

అంటే, జమ్మికి దేవుడున్నాడు, కథ ఉంది, పండుగ ఉంది, చచ్చి కాపాడిన మనుషులున్నారు. దాని దిగులు మనకక్కరలేదు.

ఇప్పుడు ఇవేవీ లేని ఇంకో చెట్టు సంగతి చెబుతాను. అది కూడా మన సీమ చెట్టే. మా దేవరగట్టు నుంచి దక్షిణంగా జిల్లా హద్దు దాటితే అనంతపురం. ఒకప్పుడు ఆ హద్దే లేదు. ఇదంతా బళ్ళారి జిల్లా. 1882లో అనంతపురం విడిపోయింది. మా ఆదోని, ఆలూరు తాలూకాలు మాత్రం 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా బళ్ళారితోనే ఉండి, అప్పుడు కర్నూలులో కలిశాయి. జిల్లాల పేర్లు మారాయి గాని ఆ రాళ్ళు ఒకటే, ఆ ఎండ ఒకటే. అనంతపురం వైపు ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఏడు బాగున్నట్టే లెక్క. అలాంటి ఎండు కొండల్లో, కదిరి వైపు, అక్కడో చెట్టు ఇక్కడో చెట్టుగా మిగిలి ఉంది గాలిబుడ్డ.

ఈ పేరు మీరు విన్నారా? నేను అడిగిన పదిమందిలో ఇద్దరు బుడ్డకాకర తీగ అనుకున్నారు, ఒకావిడ పిల్లలాడుకునే బుడగ అనుకుంది. ఆవిడదే కొంత నయం. కాయను చూసే ఆ పేరు పెట్టారు మరి. పల్చని కాగితం లాంటి పొరతో, లోపల గాలి నింపినట్టు ఉబ్బి, ఒకటో రెండో గింజలతో గుత్తులుగా వేలాడతాయి కాయలు. ఎండాక గాలి వీస్తే కాయ గింజతో సహా ఎగిరి ఎక్కడో పడుతుంది. వాన చాలని చోట బతకాల్సిన చెట్టు తన పిల్లల్ని గాలికి అప్పగించిందన్నమాట.

ఆకు అచ్చం రావి ఆకులా ఉంటుంది. ఆకులన్నీ రాల్చేసి మోడై నిలబడ్డప్పుడు కొమ్మ కొమ్మకూ నారింజ, ఎరుపు కలిసిన చిన్న పూలు వేస్తుంది. ఒంటిమీద ఒక్క ఆకు లేకుండా పూలు మాత్రం పూసిన చెట్టును చూస్తే, ఇంట్లో ఏమీ లేకున్నా పండక్కి తల్లో పూలు తురుముకున్న ఇల్లాలు గుర్తొస్తుంది నాకు.

ఇంతకీ చిత్రం ఏమిటంటే, మనకు గుర్తులేని ఈ చెట్టుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఒక ఆడమనిషిది. ఈ కథ కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పుకోవాలి.

కుంపిణీవాళ్ళ రోజుల్లో విలియం రాక్స్‌బర్గ్ అని ఒక స్కాట్లండు వైద్యుడు మన సామర్లకోటలో ఉండేవాడు. వైద్యం కంటే మొక్కల పిచ్చి ఎక్కువ. అక్కడో తోట వేసి, మిరియాలు, నీలిమందు వగైరా పెంచి చూశాడు. ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించి, వాటిని జనం తెలుగులో ఏమంటారో అడిగి రాసుకున్నాడు. 1795 నుంచి అచ్చైన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకాల్లో ఇంగ్లీషు వర్ణనల మధ్య మన పల్లెటూరి పేర్లు కనపడుతుంటే ముచ్చటేస్తుంది. ఆయన కాలంలో మన గాలిబుడ్డను స్టెర్కూలియా అనే పెద్ద కుటుంబంలో కలిపి, ఆకును బట్టి "పాపులిఫోలియా" అన్నారు. పాప్లార్ చెట్టు ఆకు వంటి ఆకు గలది అని అర్థం. మన కళ్ళకు రావి కనపడితే వాళ్ళ కళ్ళకు పాప్లార్ కనపడింది. ఎవరి ఊరి చెట్టు వాళ్ళకు కొలత.

తరవాత 1832లో వియన్నాలో షాట్, ఎండ్లిచర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక పుస్తకం అచ్చువేస్తూ, ఈ చెట్టు తక్కినవాటితో కలవదు, దీనిది వేరే ఇల్లు అని తేల్చారు. ఆ కొత్త ఇంటికి "హిల్డెగార్డియా" అని పేరు పెట్టారు. జర్మనీ దేశపు సన్యాసిని హిల్డెగార్డ్ జ్ఞాపకార్థం!

ఎవరీ హిల్డెగార్డ్? 1098లో రైన్ నది ప్రాంతంలో పుట్టింది. ఇంట్లో పదో సంతానమని చెబుతారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు ఆమెను మఠానికి ఇచ్చేశారు. అక్కడి పద్ధతి ఎలాంటిదంటే, లోపలికి వెళ్ళిన పిల్లకు నాలుగ్గోడలే లోకం. అలాంటి చోట పెరిగిన ఆ అమ్మాయి 1136లో అక్కడి సన్యాసినులకు పెద్ద అయింది. కొన్నాళ్ళకు, మగవాళ్ళ మఠం పక్కన మాకెందుకు, మా మఠం మేము కట్టుకుంటామంది. మఠాధిపతి ససేమిరా అన్నాడు. ఆమె మంచం పట్టింది గాని మాట మార్చుకోలేదు. చివరికి ఆయనే దిగొచ్చాడు. 1150 ప్రాంతంలో బింగెన్ దగ్గర సొంత మఠం కట్టుకుంది. పాటలు రాసి తనే బాణీలు కట్టింది. రోగాల గురించి, మందుల గురించి రాసింది. ఆమె రాసిన "ఫిజికా" అనే గ్రంథంలో 200కు పైగా మొక్కల గుణాలున్నాయి. మన అల్లం, మిరియాలు కూడా అందులో ఉన్నాయి సుమండీ! మలబారు మిరియం సముద్రాలు దాటి ఆ సన్యాసిని వంటింటికి చేరిందన్నమాట. ఆమెకు "విరిడిటాస్" అనే మాటంటే ఇష్టం. పచ్చదనమని అర్థం. చెట్టులో ఉండే పచ్చదనమే మనిషి ఒంట్లోనూ, మనసులోనూ ఉంటుందని, అది ఎండిపోతే రోగమని ఆమె నమ్మకం.

1179లో ఆమె పోయింది. 2012లో రోమ్‌లో పోపు ఆమెకు చర్చి ఆచార్యులలో స్థానమిచ్చారు. దాదాపు రెండువేల ఏళ్ళ చరిత్రలో ఆ స్థానం దక్కిన ఆడవాళ్ళు అప్పటికి నలుగురే.

జీవితంలో ఎక్కువ భాగం నాలుగ్గోడల మధ్య గడిపిన ఆమె పేరుతో ఇప్పుడు ప్రపంచమంతటా చెట్లున్నాయి. ఈ హిల్డెగార్డియా జాతిలో సుమారు డజను రకాలు. పశ్చిమ ఆఫ్రికాలో ఒకటి, తూర్పు ఆఫ్రికాలో, మడగాస్కర్‌లో కొన్ని, క్యూబాలో ఒకటి, ఫిలిప్పీన్స్‌లో, ఇండోనేషియాలో, ఆస్ట్రేలియాలో. మన దేశంలో ఉన్నది మాత్రం ఒక్క గాలిబుడ్డే. అక్కచెల్లెళ్ళంతా సముద్రాలకు ఆవల ఉంటే, రాయలసీమ కొండల్లోనూ, ఇంకాస్త దక్షిణంగా తమిళనాడులో సెంజి, కల్రాయన్ కొండల వైపునా ఇది ఒంటరిగా కాపురం చేస్తోంది.

మరి అంత దూరపు బంధుత్వం ఉన్న చెట్టు ఇక్కడ ఎందుకు చిక్కిపోయింది? కారణం దాని బెరడులో ఉంది.

మా ఎమ్మిగనూరు సంగతి మీకు తెలిసిందే. 1938లో మాచాని సోమప్పగారు చేనేతవాళ్ళను కూడగట్టి సహకార సంఘం పెట్టిన ఊరు. ఆదోని పత్తి, ఎమ్మిగనూరు మగ్గం, ఈ రెండింటి చుట్టూ మా ప్రాంతం బతుకు తిరిగింది. నూలు తీసి, గంజి పట్టి, కండెలు చుట్టి, పడుగు సాగదీసి, పేక కొట్టి... మూరెడు బట్ట కావాలంటే ఇంటిల్లిపాదీ ఒళ్ళొంచాలి. అందులో సగం చాకిరీ ఆడవాళ్ళదే. మగ్గం మీద కూర్చున్నవాడి పేరే పైకి వచ్చినా, ఆసు పోసిన చేతులూ కండె చుట్టిన చేతులూ ఆడవాళ్ళవే.

అలాంటి చోట పెరిగినదాన్ని కనుకనే గాలిబుడ్డ గురించి చదువుతూ ఒక చోట ఆగిపోయాను. ఆ చెట్టు బెరడు లోపల బట్ట ఉంటుందట! పైతోలు తీసేస్తే లోపలి నార పొరలు పొరలుగా విడివడుతుంది. ఒక్కో పొరా ఎవరో కూర్చుని నేసినట్టు పల్చని గుడ్డలా ఉంటుంది. మగ్గం లేదు, ఆసు లేదు, గంజి లేదు. చెట్టు తనకు తానే నేసుకుంటుంది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఆచార్య ఎ. వరదరాజులుగారూ వారి తోటివారూ ఈ చెట్టుబట్ట మీద ఏళ్ళ తరబడి పరిశోధనలు చేశారు. దాన్ని క్షారంలో శుద్ధి చేసి, జిగురు పదార్థాలతో కలిపి పలకలుగా పోసి, ఎంత బరువుకు తెగుతుందో చూశారు. 2004లో చైనా శాస్త్రజ్ఞులతో కలిసి, మట్టిలో కలిసిపోయే రకం ప్లాస్టిక్కులో ఈ నారను వేసి చూసిన వ్యాసం అచ్చయింది. ప్లాస్టిక్కు సంచులతో ఊళ్ళన్నీ నిండిపోయిన ఈ రోజుల్లో అది చిన్న విషయమేం కాదు.

అయితే ప్రయోగశాలల వాళ్ళకంటే ఎంతో ముందే పల్లెజనానికి ఈ నార సంగతి తెలుసు. తాళ్ళు పేనుకునేవాళ్ళు. మా అవ్వ ఆలూరు తాలూకా మనిషి. తాడు చేత్తో పట్టుకుని అది గోగునారో జనుమునారో చెప్పేది. "యాడిదే పాపా ఈ పగ్గం, చేతులు కోస్తాంది" అని కొబ్బరితాడును విసిరికొట్టేది. ఆ తరానికి నార అంటే ఇంటి సామాను. ఎద్దుకు పలుపు, బావికి చేంతాడు, మంచానికి అల్లిక, అన్నీ ఏదో ఒక మొక్క ఇచ్చినవే.

గోగును, జనుమును అయితే చేలో వేసుకుంటాం. కోసినా మళ్ళీ ఏడు విత్తుతాం. గాలిబుడ్డను ఎవరూ విత్తలేదు. అడవి ఇచ్చింది, తీసుకున్నాం. చెట్టుకు బెరడు చుట్టూ వలిస్తే ఆకులు వండిన ఆహారం వేళ్ళకు దిగే దారి తెగిపోతుంది. చెట్టు నిలువునా ఎండుతుంది. ఒక పగ్గానికి ఒక చెట్టు అన్నమాట. అడవి నిండా చెట్లున్న రోజుల్లో అది తెలియలేదు. అడవి తరిగిపోయి, కొండ వాలుల్లో వేసవి నిప్పు, మేకల మేత, వంటచెరకు కొట్టడం అన్నీ కలిశాక తెలిసింది. గాలికి ఎగిరిన గింజ ఏ బండ మీదో పడుతుంది. మట్టిలో పడి మొలిచినా ఆ లేతమొక్క ఒక ఎండాకాలం దాటాలి, ఒక నిప్పు దాటాలి, ఒక మేక నోరు దాటాలి.

1998లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘంవారు చెట్ల జాబితా వేసినప్పుడు మన గాలిబుడ్డను అత్యంత ప్రమాదంలో ఉన్న వాటిలో చేర్చారు. దాని తరవాతి మెట్టు అడవిలో లేకుండా పోవడమే.

ఇలా చెప్పి ఊరుకుంటే మిమ్మల్ని బెంగపెట్టినట్టవుతుంది. మంచి కబురూ ఉంది. అదే విశ్వవిద్యాలయంలో ఆచార్య టి. పుల్లయ్యగారూ వారి శిష్యులూ, రాయలసీమ మొక్కలన్నిటికీ జాబితాలు రాసినవారు, ఈ చెట్టును గాజునాళికలో పెంచే పద్ధతి కనిపెట్టారు. చిన్న కణుపు ముక్కను శుభ్రం చేసి, పోషకాలు కలిపిన జెల్లీలో పెడితే చిగురిస్తుంది. ఆ చిగురును ముక్కలు చేస్తే మరికొన్ని. వేళ్ళు వచ్చాక కుండీలోకి, కుండీలోంచి నేలలోకి. పురిటింటి బిడ్డను పెంచినట్టే, ఎండ కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి.

కాని నా సందేహం ఒకటే. గాజునాళికలోంచి వెయ్యి మొక్కలు రావచ్చు. కొండమీద నాటావచ్చు. ఆ కొండ కింద ఊళ్ళో ఉన్నవాళ్ళకు అది ఏమిటో తెలియకపోతే? జమ్మి మీద గొడ్డలి వెయ్యడానికి జంకే రైతు, పేరు తెలియని చెట్టు మీద ఎందుకు జంకుతాడు? అతనికి అది కట్టె. ఎర్రచందనానికైతే ధర ఉంది. ఆ ధర వల్ల దొంగలొచ్చారు, దొంగల వల్ల కాపలా వచ్చింది, పత్రికల్లో పేరూ వచ్చింది. గాలిబుడ్డకు దేవుడూ లేడు, దొంగా లేడు. ఉన్నదల్లా పాతవాళ్ళ నోట్లో ఉన్న పేరు. ఆ పాతవాళ్ళూ ఒకరొకరే వెళ్ళిపోతున్నారు.

అమృతాదేవి చెట్టును కావలించుకోగలిగిందంటే, ఆమెకు ఆ చెట్టు పేరు తెలుసు. దాని కింద ఆడుకుంది. దాని కాయలు కూర వండింది. తెలియనిదాన్ని ఎవరూ కావలించుకోరు.

అందుకని నా మనవి ఇది. మిమ్మల్ని కొండెక్కమనను. పొరపాటున ఎవరికైనా ఆ చెట్టు కనిపిస్తే మొక్క పీకి పెరట్లో పెట్టుకుందామనీ, కాయలు కోసుకొద్దామనీ అనుకోకండి. ఉన్న నాలుగు గింజలూ ఆ కొండకే కావాలి. నాటడం, పెంచడం అటవీశాఖవాళ్ళూ, విశ్వవిద్యాలయంవాళ్ళూ చూసుకుంటారు. మనం చెయ్యగలిగింది ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు. మీది కదిరి, అనంతపురం వైపు అయితే, మీ పుట్టింట్లోనో అత్తింట్లోనో ఎనభై ఏళ్ళు దాటిన అవ్వో తాతో ఉంటే, మధ్యాహ్నం భోజనాలయ్యాక పక్కన కూర్చుని అడగండి. గాలిబుడ్డ చెట్టు చూశావా అవ్వా, దాని నారతో ఏం చేసేవారు, ఏ గుట్టమీద ఉండేది, మీ ఊళ్ళో దాన్ని ఇంకేమన్నా అనేవారా అని. చెప్పినదాన్ని చెప్పినట్టు, వాళ్ళ యాసలోనే, పిల్లల నోటుబుక్కులో రాసి పెట్టండి.

లాటిన్ పేరు గురించి మనకు బెంగ అక్కరలేదు. దాన్ని వియన్నావాళ్ళు 1832లోనే భద్రంగా రాసి పెట్టుకున్నారు.